తడి మాను కోసే రంపం

బూర్గంపాడు సెంటర్‌లో రజాక్ పనిముట్ల దుకాణం. జూన్ నెల మధ్యాహ్నం. వెనక బల్ల దగ్గర ఆయన కూతురు ఖుద్సియా ఒక డ్రిల్లు మిషన్ విప్పి పెట్టుకుని కూర్చుంది. ముందు కౌంటర్ దగ్గర జీపు డ్రైవర్ జస్టిన్ అరగంట నుంచి నిలబడి ఉన్నాడు. ఆమె తల ఎత్తలేదు గానీ, ఒక్క మాట కూడా వదలకుండా వింటోంది.

“మళ్ల అదే అడుగుతవేంది తమ్మీ? బ్యాటరీ రంపం అంటే మామిడికొమ్మలు కొట్టుకునేటందుకు. తోటల ఆడుకునే బొమ్మ. నువ్వేమో మాన్లు, మాన్లు అంటున్నవ్.”

“మానే కొయ్యాలె రజాక్ భాయ్. నా నడుమంత లావుంటది. తడిసి ఉంటది.”

“తడి మాను. అయితే పెట్రోల్ రంపం కొనుక్కపో. గర్రున కోస్తది.”

“జీపుల పెట్టుకోవాలె భాయ్. పెట్రోల్ వాసనకు ఎనక కూసున్నోళ్లు కక్కుతరు. వానల తాడు గుంజి గుంజి చేతులు పోతయి గని, స్టార్ట్ కాదు.”

“అచ్ఛా. వానల. తడి మాను. జీపు. నాకు సమజైతనే ఉంది.”

“ఏం సమజైంది?”

“ఏం లేదులే. ముందు సరుకు చూడు. ఇగో, ఈ ఎర్రది. మోటర్ల బొగ్గు బ్రష్షులే ఉండవు, అరిగేదేం లేదు. జల్దీ వేడెక్కది. మేస్త్రీ ఒకడు స్లాబ్ మీదికెల్లి పడేసుకున్నడు. దుమ్ము ఊదుకొని మళ్ల పనిల పెట్టిండు.”

“ఒక బ్యాటరీకి ఎన్ని మాన్లు కోస్తది?”

“నీ నడుమంతయా? నాలుగు. నువ్వు బక్కగున్నవ్ కాబట్టి ఐదు.”

“మరి ఈ ఆకుపచ్చది?”

“అది ఇంట్ల పెట్టుకొని సుట్టాలకు చూపించేది. కొమ్మకు బాగుంటది, మాను మీద పెడితే వణుకుతది. బ్యాటరీ నిండనీకి ఒక పూట, అయిపోనీకి ఒక చాయ్. స్విచ్‌లకు దుమ్ము పోయిందా, ఇగ కొత్త స్విచ్ హైదరాబాద్ నుంచి రావాలె. అది వచ్చేసరికి నీ మాను చిగురు పెడ్తది.”

“గా పసుపుది? శానా చౌకగున్నది.”

“పసుపుదా. దాని మీద ఏం రాసుందో సదువు.”

“తొంభై ఎనిమిది వోల్టులు.”

“లోపల ఉన్నయి ఇరవై ఒకటి. వచ్చే ఏడు ఇదే డబ్బా మీద రెండొందలు అని రాస్తరు. తెలిసినోడు కొనడు. గుట్టలకెల్లి వచ్చేటోళ్లు కొంటరు. పెద్ద అంకె చూస్తరు, మెరిసే రంగు చూస్తరు, సంబరపడ్తరు.”

“తెలిసే అమ్ముతవా భాయ్?”

“నేనెక్కడ అమ్ముతున్న? వాళ్లే కొంటున్నరు. ఎర్రది చూపిస్తే ధర వినంగనే మొఖం ముడుచుకుంటరు. ఏడాదికొక పసుపుది కాలబెట్టుకుంట పోతే నాలుగేండ్లకు ఎర్రదాని ధర వాళ్లే పెట్టినట్టు. గదొక్కటి వాళ్లకు తెల్వది. సరేగని, నువ్వు కోసేది టేకా?”

“టేకో, మద్దో. ఏది పడితే అది.”

“ఏది పడితే అది. విన్నవా బేటీ? తమ్మీ, ఫారెస్టోళ్లకు దొరికితే నా దుకాణం పేరు చెప్పకు.”

“చెప్పను.”

“నీ అసొంటోళ్లను శానమందిని చూసిన. ఒగడు చర్చికి బెంచీలు అంటడు, ఒగడు ఇంటికి దూలం అంటడు. నువ్వేం అంటవ్?”

“నేనేం అనలే భాయ్. ఇది ఒకసారి చూడు. మావోళ్ల రంపంల బ్యాటరీ. సగం మానుల ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలిస్తే, ఇప్పుడు ఏది కొనాలెనో నాకు తెలుస్తది.”

“కంపెనీది కాదు ఇది. ఎవడో లోపల సెల్లులు మార్చి కట్టిండు. బేటీ, ఇప్పి చూపియ్.”

“నేను పని మీద ఉన్న అబ్బాజాన్. రేపు చూస్త.”

“రేపెందుకు? నాలుగు స్క్రూలే కదా.”

“ఇయ్యాల వద్దు.”

“వద్దేంది? పాలిటెక్నిక్ సదివించింది ఇందుకేనా? ఇప్పు.”

ఖుద్సియా బ్యాటరీని అటూ ఇటూ తిప్పి చూసింది. కాసేపటికి స్క్రూడ్రైవర్ అందుకుంది.

“ఏముంది లోపల?”

“సెల్లులు.”

“సెల్లులు కాక సేమియా ఉంటదా? ఎన్ని?”

“పది.”

“ఎసొంటియి?”

“నాలుగు కొత్తయి.”

“మరి ఆరు?”

“పాత లాప్‌టాప్‌లకెల్లి తీసినయి.”

“చూసినవా తమ్మీ? నాలుగు ఎద్దుల పక్కన ఆరు ముసలి మేకల్ని కట్టిండు. నాలుగు గుంజుతుంటే ఆరు కూలబడ్తయి. మీటర్ పెడితే ఫుల్ అని చూపిస్తది, మాను మీద పెట్టంగనే సచ్చూరుకుంటది. కట్టినోనికి సిగ్గు లేదు.”

“కట్టినోడు తెలిసే కట్టిండంటవా?”

“తెల్వకుండ ఎట్ల కడ్తడు? పాత సెల్లుల మీది ప్లాస్టిక్ పీకేసి కొత్తది తొడిగిండు చూడు. కొనేటోడు ఏం కనిపెడ్తడులే అనుకున్నడు. సోల్డర్ అతుకు చూడు, ఎంత నీట్‌గ పెట్టిండో. చేతిల పనితనం ఉంది, బుద్ధే లేదు.”

“అబ్బాజాన్, ఇగ చాలు.”

“ఎందుకు చాలు? ఇసొంటోళ్లతోనే కదా మన బజారుకు చెడ్డపేరు. ఏ ఊరోడు తమ్మీ వాడు? చెప్పు, నేనే పోయి అడుగుత.”

“ఆ సోల్డర్ నాది.”

“ఏంది?”

“నాది అబ్బాజాన్. పోయినేడు రంజాన్ ముంగట నువ్వు సంచి నిండ పాత సెల్లులు తెచ్చినవ్. కొత్తవాటిల కలిపి కట్టమన్నవ్. నేను వద్దన్న. కొమ్మలు కొట్టుకునేటోళ్లకు ఇదే ఎక్కువ అన్నవ్.”

“నువ్వు ఊకో. తమ్మీ, తెలిసే వచ్చినవా నువ్వు?”

“గోప్యా చెప్పిండు, నీ దగ్గరనే కట్టించిన అని. నేను నమ్మలే. రజాక్ భాయ్ గట్ల చెయ్యడు అన్న.”

“గోప్యా ఎవరు?”

“మా పక్క తండా. ఆ రంపం ఆయనదే. రోడ్డుకు అడ్డంగ చెట్టు పడితే అందరు ఆయననే పిలుస్తరు.”

“చెట్టు పడితే.”

“అవ్ భాయ్. నేను ఇంతసేపు అడిగింది పడ్డ చెట్ల సంగతి. నిలబడ్డయి కాదు.”

“గా మాట ముందే చెప్పొచ్చు కదా.”

“నువ్వు అడగలే. టేకా అన్నవ్.”

“సరే. అదంతా రిపేర్ సరుకు తమ్మీ. రిపేర్‌కు వారంటీ ఉండదు. అందరికీ చెప్పే ఇస్త.”

“గోప్యాకు చెప్పలే.”

“చెప్పకపోతే ఏమాయె? ఆగింది, అంతే కదా. గొడ్డలి లేదా మీ దగ్గర? మీ తాతలు బ్యాటరీలు పెట్టే కోసిన్రా?”

“గొడ్డళ్లు తెచ్చినం. ముగ్గురం కొట్టినం. రెండు గంటలు పట్టింది.”

“మరి కోసిన్రు కదా. రెండు గంటలకే ఇంత పంచాయితీనా?”

“మానుకు ఇవతల నా జీపుల గోప్యా పెండ్లాం ఉండె భాయ్. నొప్పులతోని. అవతల భద్రాచలం దవాఖానా.”

“యా అల్లా.”

“ఏమైంది అన్నా ఆమెకు?”

“మాను తెగింది చెల్లె. జీపు కదిలింది. ఆమె కదల్లే.”

“బిడ్డ?”

“బిడ్డ బతికింది. వాళ్ల అమ్మమ్మ సాదుతుంది. గోప్యా ఇగ రంపం ముట్టడు. ఎవరు పిలిచినా రాడు. అందుకే ఈ వానకాలానికి ఒకటి నా జీపులనే పెట్టుకుందామని వచ్చిన.”

రజాక్ ఎర్ర రంపాన్ని కౌంటర్ మీద జస్టిన్ వైపు జరిపాడు. పక్కన రెండు బ్యాటరీలు పెట్టాడు.

“తీస్కపో తమ్మీ. పైసలు వద్దు.”

“పైసలు తెచ్చిన. జీపోళ్లం అందరం తలా ఇంత వేసుకున్నం.”

“నేను ఇస్తున్న కదా, తీస్కో.”

“నువ్వు ఇచ్చేది ఎందుకు భాయ్? ఇది పట్టుకున్నప్పుడల్లా నువ్వు యాదికి రావాల్నా? పైసలు తీస్కో. బ్యాటరీలు మాత్రం చెల్లె నా ముంగట ఇప్పి చూపియ్యాలె.”

“అవి కంపెనీయి. సీలు కూడ తియ్యలే.”

“నువ్వు చెప్తే కాదు. చెల్లె చెప్పాలె.”

“నిజమే అన్నా. అవి మంచియి. ఇప్పి చూపిస్త, రా.”

“చూపియ్ బేటీ. చూపియ్. ఆ పాతదాన్ని అటు పారెయ్. ఇయ్యాలటితోని బంద్, ఇసొంటియి ఇగ కట్టం. అయిపోయిందేదో అయిపోయింది. బజార్ల ఎవ్వరికి చెప్పకు తమ్మీ, నీకు దండం పెడ్త. ఏదో ఒక్కటి, ఖర్మ కాలి, గట్లయింది.”

“ఒక్కటి కాదు అన్నా. ఇసొంటియి ఇంకా పదకొండు కట్టిన. ఏది ఏ ఊరికి పోయిందో నాకు యాదికుంది. వాన పడకముందే ఆ ఊర్లన్నీ తిరిగి వాపస్ తెద్దాం, నీ జీపుల నాకు చోటుందా?”