నమిలేకొద్దీ తీపి

నెల్లితోపులోని ఆ ఇంట్లో మిగతావాళ్ళంతా రాత్రి భోజనం ముగించి చేతులు కడుక్కున్నారు. కనగం ఒక్కతే ఇంకా కంచం ముందు కూర్చుని నములుతోంది. కోడలు జయప్రియ వంటింటి గడపలో నిలబడింది.

“ఎంతసేపత్తా ఆ ఒక్క ముద్ద? నువ్వు లేస్తే కదా నేను గిన్నెలు తోముకునేది.”

“ఉండు జయా. నమిలేకొద్దీ తియ్యంగా వస్తాంది.”

“ఒట్టి అన్నానికి తీపి యాడిది?”

“ఉమ్మి తగిలితే అన్నంలోని పిండి నోట్లోనే చక్కెరగా మారతాదంట. మన ప్రీతిక సైన్సు పుస్తకం చదివి చెప్పింది. నాకు షుగరని పాయసం ఆపేస్తిరి, ఇదన్నా ఉండనీ.”

“గబుక్కున మింగినా కడుపులో చక్కెరే అయ్యేది. నమలొద్దని ఎవురన్నారు? రోజూ నీతో ఇంతసేపు ఎవురు కూచుంటారు, చెప్పు!”

“మీ మామ కూచునేవాడు. ఆయనా నా మాదిరే నిదానం. ఇద్దరం ఒక్కసారే లేస్తాంటిమి.”

జయప్రియ లోపలికి పోయి పొయ్యి తుడవసాగింది.

కనగం ముద్ద మింగి, టీవీ ముందున్న కొడుకుకీ మనవరాలు ప్రీతికకీ వినపడేటట్టు చెప్పింది.

“రేపట్నించి నేను సాయంత్రం ఆరుగంటలకే తినేస్తా. నాకోసం ఎవురూ కాసుకోవద్దు.”

“మంచిదేమ్మా,” అన్నాడు కొడుకు. “పెందలాడే తింటే బాగా అరుగుతాది.”