ఎడమ మలుపులో వెలిగే లైటు

షెడ్డులో కుడివైపు నుజ్జయిన పాత స్పోర్ట్స్ కారు ఉంది. మెకానిక్ ఎడమ చక్రం పక్కన కూర్చున్నాడు. ఆ కారు ప్రమాదంలో చనిపోయిన అతని స్నేహితుడి భార్య నిలబడి చూస్తోంది.

"ఇదీ వదినా, చక్రం సెన్సర్ వైరు. లోపల తెగింది. స్టీరింగ్ బాగా ఎడమకి తిప్పితేనే విడిపోయి, చక్రాలు జారకుండా పట్టి ఉంచే ట్రాక్షన్ కంట్రోల్ ఆగిపోతోంది, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతోంది."

"ఆ లైటు వెలుగుతోందనే ఆయన మూడుసార్లు తెచ్చారుగా?"

"తెచ్చాడు. నేను తిన్నని రోడ్డు మీదే నడిపి చూశాను. లైటు వెలగలేదు. 'అది నీకే కనిపిస్తుందిరా' అని ఏడిపించాను."

"ఇంట్లో నేనూ నవ్వాను. ఆయన పోయాక, వేగంగా నడిపి ప్రాణం మీదికి తెచ్చుకున్నారని పాపకి చెప్పాను. అది నాన్న ఫొటో వైపు చూడటం లేదు."

"వేగం కాదు వదినా. వానలో, ఎడమ మలుపులో చక్రాలు జారాయి. పట్టి ఉంచాల్సింది పనిచెయ్యలేదు."

"పాప బయటే ఉంది. పిలుస్తాను. వైరు చూపించు."

"నేనన్న మాట కూడా చెప్తాను."

"చెప్పు. నాది నేను చెప్పుకుంటాను."