పక్క వీధికి లేచిపోయిన వదిన

ఏంటమ్మాయ్, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వస్తున్నావ్? వాసనా? ఏ వాసన? నవ్వకు, ఈ వీధిలో ఎవర్నడిగినా ముందు ఆ మాటే అంటారు, అందుకని నేనూ అన్నాను. మా మేడ మీద గదిలో దిగి నెలైనా కాలేదుగా, నీ ముక్కు ఇంకా పనిచేస్తోంది. ఇంకొన్నాళ్ళు పోనీ, నీకోసం ఎవరైనా చుట్టాలొచ్చి అడిగితే నువ్వూ నాలాగే మొహం పెట్టి "ఏ వాసన?" అంటావ్. కూర్చో. ఆ స్టూలు లాక్కో, దానికి ఒక కాలు పొట్టి, చూసి కూర్చో. ఈ ప్రశ్న అడిగిన పాపానికే ఒకావిడ ఈ వీధిలోంచి పోవాల్సొచ్చింది, తెలుసా? వంకల వదిన. ఆ పేరు వాళ్ళ అమ్మా నాన్నా పెట్టింది కాదులే, మా వీధి పెట్టింది. కాపురానికి వచ్చిన మర్నాడే గుమ్మంలో నిలబడి "ఈ వాసన ఏంటండీ?" అని అడిగింది. అంతే, అన్నిటికీ వంకలు పెడుతుందని వంకల వదిన అయిపోయింది. ఎదురుగా ఆ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉందే, అదే వాళ్ళ ఇల్లు. ముందు గదిలో దూది, వెనక గదిలో కాపురం. వాళ్ళాయన పరుపులు కుట్టేవాడు. మెత్తటి పని, మెత్తటి మనిషి. మరీ మెత్తన. పరుపుల అన్నయ్య అనేవాళ్ళం. చుట్టరికం ఏం లేదు, వీధిలో అందరికీ ఏదో ఒక వరస కలిపేసుకునేవాళ్ళం అంతే.

అసలు మా వీధి మనుషుల సంగతి నీకు తెలీదు. ఎవరి గుమ్మం వాళ్ళు అద్దంలా తుడుచుకుంటారు. తుడిచిందంతా ఎక్కడికి పోతుంది? కాలవలోకి. గుమ్మం లోపలిది మనది, గుమ్మం దాటితే ప్రభుత్వానిది! మరి ఆ కంపో? అది పక్క వీధిది. వాళ్ళనడిగితే మాది అనేవాళ్ళు, అది వేరే సంగతి. చివర ఫోటో స్టూడియో ఉండేది, దాని ఓనరు మా ఫోటో బావ, ఆయన వేలు గాల్లో పెట్టి మరీ చూపించేవాడు. "గాలి అటునుంచి వస్తోందమ్మా, అదీ కారణం." గాలికి ఇంకేం పనిలేదు మరి, వాళ్ళ కంపు నెత్తిన పెట్టుకొచ్చి మన గుమ్మంలో దించిపోతుంది! ఇళ్ళలో కూర్చుని పొద్దస్తమానం "ఛీ, వెధవ వీధి" అని తిట్టుకునేది మేమే. బయటివాడు ఒక్కమాటంటే చాలు, మా వీధినంటావా అని మీద పడేది కూడా మేమే. ఆ, ఏం చెప్తున్నాను? వదిన. ఆవిడ గోల వాసన గురించి కాదమ్మా, పిల్ల గురించి. వాళ్ళ గుమ్మం తిన్నగా కాలవ మీదకే. పైన మూత లేదు. పిల్లకి అప్పుడప్పుడే అడుగులు పడుతున్నాయి, కళ్ళుమూసి తెరిచేలోగా గుమ్మం దగ్గర తేలుతుంది. ఏం చేస్తుంది పాపం, పాత దుప్పటి చింపి పిల్ల నడుముకి ఒక కొస, మంచం కోడుకి ఒక కొస కట్టేసింది. ఆ పిల్ల నడక నేర్చుకున్నదంతా మంచం కోడు చుట్టూనే. నలుగురికీ చెప్తే ఏమన్నారో తెలుసా? "మా పిల్లలు పెరగలేదా? పిల్లలన్నాక పడతారు, లేస్తారు." పడ్డారు, నిజమే. లేచాక ఎన్ని జ్వరాలు పడ్డారో మాత్రం ఒక్కరూ చెప్పరు.

ఇలా ఉండగా టౌను ఆఫీసు నుంచి కబురొచ్చింది. కాలవల మీద బండలు పరుస్తారట. అయితే ఈ ఏడు ఒక్క వీధికే సరిపోతాయట. మా వీధా, పక్క వీధా అన్నది మనుషులొచ్చి చూసి, నలుగుర్నీ అడిగి తేలుస్తారట. వదిన మొహం చూడాలి నువ్వు! నేనప్పుడు కాన్పై మంచం మీద ఉన్నాను, మేడెక్కి వచ్చి మరీ చెప్పింది. "పిల్లకి ఆ కట్టు విప్పేస్తానమ్మా ఇంక" అని. అంత ఆశ. ఇక్కడ మన ఫోటో బావ రంగంలోకి దిగాడు. ఆయన పనే అది కదా, ఫోటోలో మొహం మీద మచ్చలూ మొటిమలూ దిద్దేసి పెళ్ళికొడుకుని చెయ్యడం. అందర్నీ స్టూడియోలో కూర్చోబెట్టి, "పరాయివాళ్ళొస్తున్నారు. చుట్టాలొస్తే ఎంగిలి కంచాలు ఎదురు పెడతామా? వీధి పరువు!" అన్నాడు. పరువు అనేసరికి అందరికీ రోషం పొడుచుకొచ్చింది. పుట్టి బుద్ధెరిగి చీపురు పట్టని మగాళ్ళు చీపుర్లు పట్టారు. వడ్రంగి దగ్గర చెక్కలు అడిగి తెచ్చి కాలవ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కప్పేశారు. వాటిమీద స్టూడియోలోని కాగితం పూలకుండీలు. ఇక ఫినాయిలు ఎంత పోశారంటే, మేడ మీద నా కళ్ళమ్మట నీళ్ళు. వదిన తల బాదుకుంది. "బావగారూ, మూత ఉన్న కాలవకి మూత ఎవరేస్తారండీ?" ఆయన నవ్వాడు. "నీకు తెలీదులేమ్మా, శుభ్రంగా ఉన్నవాళ్ళనే నలుగురూ మెచ్చుకుంటారు." మెచ్చుకోవడానికి ఇదేమన్నా పెళ్ళిచూపులా? ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంది. అందరూ తల ఊపారు, ఒక్కరూ చెక్క తియ్యలేదు.

వచ్చారు, కళ్ళద్దాలాయన ఒకాయనా, వెనక ఇద్దరూ. ఆ చెక్కల మీదే టకటకా నడుచుకుంటూ "బాగుందే, చాలా బాగుందే" అంటూ గుమ్మం గుమ్మం అడిగారు. ఏమైనా ఇబ్బందా? "అబ్బే, మాకేం లోటండీ!" మా పక్కింటి ముసలాయన, రాత్రీ పగలూ దగ్గి దగ్గి మమ్మల్ని నిద్రపోనివ్వనివాడు, ఆ రోజు దగ్గు బిగబట్టుకుని మరీ చెప్పాడు, ఇక్కడ గాలి చాలా మంచిదని. అప్పుడు వదిన బయటికొచ్చింది. చంకలో పిల్ల. ఒంటిచేత్తో తన గుమ్మం ముందు చెక్క లేపింది. కుండీ దొర్లి పడింది. కంపు గుప్పున లేచింది. "ఇదండీ మా వీధి" అంది. ఒక్కొక్కడి మొహం చూడాలి, నడిబజార్లో పంచె ఊడినట్టు! ఫోటో బావ ఇకిలించి, తల పక్కన వేలు తిప్పి చూపించాడు, ఆవిడకి కాస్త ఇది అన్నట్టు. కళ్ళద్దాలాయన మంచివాడే. అంతటితో వదిలెయ్యలేదు. మన అన్నయ్య వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వు చెప్పు. ఎలా ఉంటుంది ఇక్కడ?" గుమ్మంలో నిలబడి ఉన్నాడు అన్నయ్య, చేతిలో సూది, కనుబొమల మీద దూది. పెళ్ళాన్ని చూశాడు. ఫోటో బావని చూశాడు. వీధంతా కళ్ళప్పగించి వాడి నోట్లోకే చూస్తోంది. "బాగానే ఉంటుందండీ. ఆవిడ కొత్త. ఇంకా అలవాటు కాలేదు" అన్నాడు. కొత్తట! కాపురం చేసి, బిడ్డని కని, ఇంకా కొత్తట! నా కిటికీలోంచి విన్నాను నేను. ఒళ్ళు మండిపోయింది. నన్నెవరూ అడగలేదనుకో, అడిగితే నేను మాత్రం ఏం పొడిచేదాన్నో, అది వేరే సంగతి. ఆ చెక్క వదిన తనే మళ్ళీ కప్పేసి లోపలికి పోయిందమ్మా.

ఇంకేముంది, బండలు పక్క వీధికి పోయాయి. వాళ్ళకేదో తెలివుండి కాదు, బద్ధకం. చీపురు తియ్యలేదు, కాలవ దాచలేదు, ఉన్నదున్నట్టు చూపించారు. మా వడ్రంగి వచ్చి తన చెక్కలు పట్టుకుపోయాడు, ఫోటో బావ తన పూలు పట్టుకుపోయాడు, కాలవ మాత్రం మాకే మిగిలింది. మరి తప్పెవరిదయ్యిందీ అంటే, ఇంకెవరిది, వదినది! "పరాయివాళ్ళ ముందు పరువు తీసింది, అందుకే మనకి రాలేదు." కాలవలో ఏ పిల్లాడు పడినా ఆవిడ గుమ్మం ముందు నిలబడి తిట్టేవాళ్ళు. బండలు పరవడం అయిందో లేదో, పెట్టె సర్దుకుని, పిల్లని ఎత్తుకుని పక్క వీధిలో ఒక గదిలోకి వెళ్ళిపోయింది. దాన్నేమన్నారో తెలుసా? లేచిపోయిందన్నారు! ఎవరితోనే అంటే, బండలతో! ఎవడితోనో పోయినా కొన్నాళ్ళకి మర్చిపోయేవాళ్ళేమో గానీ, పక్క వీధే బాగుందని పోతే క్షమిస్తారా? వెళ్తూ వెళ్తూ మొగుడితో ఒక్కటే అంది, గట్టిగానే అంది, అందరికీ వినపడేట్టు. "ఇక్కడ బాగోలేదని ఒక్కసారి మీ నోటితో అనండి. అన్న రోజు రండి. తలుపు తీసే ఉంటుంది." అంతే కదమ్మా అడిగింది? నగలు అడిగిందా, మేడలు అడిగిందా? ఆ మాట అనడానికి ఆ మహానుభావుడికి నోరు పెగల్లేదు. మా ఇంటి వెనక, పక్క వీధిలో పిల్ల పరిగెత్తుతుంటే బండలు టపటపమనేవి, ఆ చప్పుడు మా పెరటి కిటికీలోంచి వినిపించేది. వాడికీ వినిపించేది. వింటూ సూది గుచ్చుకుంటూ కూర్చునేవాడు. రమ్మంటోందిగా అన్నయ్యా, పోరాదా అంటే, "వీధిలో ఏమనుకుంటారు?" అనేవాడు. ఆ అనుకునేవాళ్ళు వాడికి ఒక్క పూట ముద్ద పెట్టారా? ఒంట్లో బాగోక పడుకుంటే తలుపు తట్టారా? మెచ్చుకునేవాళ్ళు, అంతే. "మగాడంటే నువ్వయ్యా, వీధి మాట నిలబెట్టావ్" అని ఫోటో బావ భుజం తట్టేవాడు. ఆ తట్టుడికే పొంగిపోయేవాడు సన్నాసి.

పిల్ల బడికి పోయే వయసొచ్చింది. ఆ ఏడు వాన పట్టిందమ్మా, ఆకాశానికి చిల్లు పడ్డట్టు. మాది పల్లం, పక్క వీధి కాస్త ఎత్తు. కాలవ పొంగి తెల్లారేసరికి ఇళ్ళలో నడుముల దాకా నీళ్ళు. నీళ్ళంటే నీళ్ళా అవి? ఏళ్ళతరబడి మేం తుడిచి పడేసిందంతా తిరిగి మా గుమ్మాల్లోంచే లోపలికొచ్చింది. అందరం, మేడ ఉన్న మేమూ, పిల్లల్నీ మూటల్నీ ఎత్తుకుని పక్క వీధి మీద పడ్డాం. మొదటి గది ఆవిడదే. వదిన అందర్నీ లోపలికి రానిచ్చింది. ఫోటో బావకి కూడా ఒళ్ళు తుడుచుకోమని తువ్వాలిచ్చింది. నేనైతే మొహాన తలుపేసేదాన్ని. అందరికంటే వెనక వచ్చాడు అన్నయ్య, నెత్తిన దూది మూట. అది తడిసి బరువెక్కి మెడ వంగిపోయింది. ఆ వీధిలోకి ఎక్కే మెట్లకింద నీళ్ళలోనే ఆగాడు. పైన వదిన, పక్కన పిల్ల. పిల్ల "నాన్నా, ఎక్కు" అని చెయ్యి చాపింది. వదిన దాని చెయ్యి ఆపలేదు. వాడి మొహంలోకి చూస్తూ మెల్లగా అడిగింది. "ఎలా ఉందండీ మీ వీధి?" ఆ గొంతులో వెటకారం లేదమ్మా, ఒట్టు, నేను పక్కనే ఉన్నాను. బతిమాలుతున్నట్టే ఉంది. అనేస్తాడు, ఇంక అనక ఏం చేస్తాడు అనుకున్నాను. పెదాలు కదిలాయి కూడా. అంతలో తల ఎత్తాడు. గదిలోంచి మేమందరం వాడివైపే చూస్తున్నాం, ఫోటో బావ తువ్వాలు భుజాన వేసుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు. నడుము దాకా ఆ నీళ్ళలో నిలబడి, "బాగానే ఉంది" అన్నాడు. బాగానే ఉందట! వదిన పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయితే వెళ్ళండి" అంది. వెళ్ళాడమ్మాయ్. నెత్తిన ఆ మూటతోనే వెనక్కి తిరిగి, ఆ నీళ్ళలోకే... మళ్ళీ రాలేదు. నాన్నా నాన్నా అని ఆ పిల్ల...

ఊఁ. లే, లే. మబ్బు పట్టింది, మేడ మీద నీ బట్టలు ఆరేసి ఉన్నాయి, తీసుకో పో.