సూర్యుణ్ణి తరిమిన డాలియా

డిపో ఎదుటి టీకొట్టులో డ్రైవరు బావ గొంతు సవరించుకున్నాడంటే అందరి గ్లాసుల్లో టీ చల్లారిపోయినట్టే. కండక్టరుకు ఆయన సొంత అక్క మొగుడు. అందుకే మిగతావాళ్ళు నవ్వడానికి కూర్చుంటే, కండక్టరు భయపడుతూ కూర్చున్నాడు.

సాయంత్రంలోపు పూల ప్రదర్శన హాల్లో కుండీ పెట్టాలి. ఈసారి తన డాలియా పెడుతున్నానని చలి తగ్గిన దగ్గర్నుంచీ బావ డిపో అంతా చాటింపేశాడు. తీరా చూస్తే, నాటిన దుంపల్లో కొన్నిటిని నీళ్ళు ఎక్కువ పోసి ఆయనే కుళ్ళబెట్టాడు. కొన్ని నత్తల పాలయ్యాయి, కొన్ని వడగళ్ళకు విరిగాయి. మిగిలిన ఒక్క మొక్కకు ఒకే ఒక్క మొగ్గ, అది పొద్దున కూడా బిగుసుకునే ఉంది. విచ్చుకోకపోతే బావను ఏడాది పొడుగునా ఏడిపిస్తారు.

"వడగళ్ళ రోజు కుండీకి గొడుగు పట్టాను," అని మొదలెట్టాడు బావ. "అది ఎవరైనా పడతారు. నేను తిరగేసి పట్టాను! ఒక్కోటి గుమ్మడికాయంత, అన్నీ అందులోనే పడ్డాయి. ఈ వేసవంతా మా వీధివాళ్ళు ఆ చల్లటి నీళ్ళే తాగారు."

"వేసవి ఇంకా రాలేదుగా?" అన్నాడు సెలూనాయన.

"ముందే తాగేశారయ్యా, ఆగలేక! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నత్తలు దండెత్తాయి. హారన్ కొట్టాను. నత్త పరిగెత్తడం ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. వీధంతా దుమ్ము! వెంటబడిన కుక్క ఆయాసపడి మధ్యలోనే కూలబడింది."

టీకొట్టాయన నవ్వాపుకోలేక గరిటె కింద పెట్టేశాడు.

"ఇక మొక్కకి ఎండ చాలదు. కుండీని బస్సు ముందద్దం దగ్గర పెట్టి, సూర్యుడి వెంటపడ్డాను. ఆయన పడమటికి జారబోతాడు, నేను గేరు మారుస్తాను. అస్తమించనిస్తేగా! జనం మధ్యాహ్నం భోజనమే మూడుసార్లు చేశారు. ఆఖరికి సూర్యుడే, బాబ్బాబు, నన్ను ఇంటికెళ్ళనివ్వు అని దణ్ణం పెట్టాడు. అప్పుడు విచ్చుకుంది చూడండి పువ్వు! పాలలాంటి తెలుపు, స్టీరింగంత!"

"స్టీరింగంతా?"

"నమ్మరని తగ్గించి చెప్పా."

మూలన కూర్చున్న మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. "అన్నా, నీ బండి ఇంజను విప్పేసి నా షెడ్డులో పడుండి నెల దాటింది. సూర్యుణ్ణి దేనిమీద తరిమావు?"

కొట్టు కొట్టంతా ఘొల్లుమంది. "అసలు పువ్వేదీ?" అన్నాడు సెలూనాయన. బావ తల వంచుకుని చల్లారిన టీ గ్లాసును అటూ ఇటూ తిప్పసాగాడు. ఆయన్ని అలా చూడడం కండక్టరుకు ఇదే మొదలు, చాలా జాలేసింది.

అంతలో అక్క కుండీ చంకనేసుకుని గబగబా వచ్చింది. "మీరిక్కడ కోతలు కోస్తున్నారా? కిటికీలో పెడితే అదక్కడ విచ్చుకుంది. లేవండి, హాలు మూసేస్తారు!"

పువ్వు నిజంగానే విచ్చుకుంది. నిమ్మకాయంత ఉంది, ఎర్రగా నిగనిగలాడుతోంది. బావ కళ్ళు మెరిశాయి.

"తెలుపన్నావే!" అన్నాడు మెకానిక్.

బావ పువ్వును చేత్తో మూయబోయాడు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడని కండక్టరు చటుక్కున లేచాడు.

"సూర్యుడి వెంట అంతదూరం తిరిగితే కందిపోదేంటి?"

నవ్వులతో రేకులకప్పు ఎగిరిపోయేలా ఉంది. బావ మరిదిని అమాంతం కౌగిలించుకున్నాడు.

అక్క తలకొట్టుకుంది. "ఇంటికి ఒక కోతలరాయుడు చాలడట్రా?" అంటూ కుండీని తమ్ముడి చేతుల్లో పెట్టింది.