తొమ్మిది నెలల వెర్షన్

పరీక్షల గదిలో బల్ల మీద పసిపిల్లల ఇంక్యుబేటర్ ఖాళీగా ఉంది. దానికి సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజనీరు, అతని పై అధికారిణి ఎదురెదురుగా కూర్చున్నారు.

"హాస్పిటల్ వాళ్లు ఏమన్నారక్కా?"

"లోపల చల్లబడిపోతున్నా, తెర మీద ముప్పై ఆరు డిగ్రీలే చూపించిందట."

"బిడ్డ?"

"దక్కలేదు."

"తప్పు ఎక్కడ జరిగింది?"

"తప్పు ఆపరేటింగ్ సిస్టమ్‌ది. దాన్ని తయారుచేసిన కంపెనీ వాళ్లు ఆర్నెల్ల కిందటే సరిదిద్దారు."

"మరి మనదాకా ఎందుకు రాలేదు?"

"వాళ్లు రెండు వెర్షన్లు ఇచ్చారు కదా. పాతదాన్ని ఐదేళ్లు సరిచేస్తూనే ఉంటారు. కొత్తదాన్ని తొమ్మిది నెలలకే వదిలేస్తారు. మన మెషీన్లో ఉన్నది కొత్తది, దాని గడువు అప్పటికే అయిపోయింది."

"తెర మీద బొమ్మలు బాగా కనిపిస్తాయని కొత్తదానికి పట్టుబట్టింది నేనే. మీరు వద్దంటూనే ఉన్నారు."

"వద్దంటూనే సంతకం పెట్టాను. రిపోర్టులో నా పేరే రాశాను."

"నా పేరు కూడా రాయండక్కా. నన్ను కడుపులో పెట్టుకుని కాపాడొద్దు."

"సరే, రాస్తాను. ముందు బయట హాస్పిటళ్లలో ఉన్న మెషీన్ల సంగతి చూడు. నూట పన్నెండు."

"ఫోన్ నంబర్లు ఇటివ్వండి. నేనే చేస్తాను."

అతను మొదటి నంబరు నొక్కాడు.

"నమస్తే సిస్టర్. ఇంక్యుబేటర్ కంపెనీ నుంచి. వేరేది ఉంటే బిడ్డని వెంటనే దాంట్లోకి మార్చండి. లేకపోతే గంటగంటకీ థర్మామీటరు పెట్టి చూడండి... లేదు సిస్టర్, మీరు బాగానే వాడారు. తప్పు నాది."