సరోజ టీచర్ పెరుగు పరీక్ష

సైన్సంటే మీ పిల్లకి విసుగా? అయ్యో, మా సరోజ టీచర్ ఉండాల్సిందమ్మా హారికా. నీకు తెలీదులే, నువ్వొచ్చేసరికే ఆవిడ పోయింది. బాపట్లలో స్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, ఈ చలిదేశం వచ్చి, ఇక్కడ పామర్‌స్టన్ నార్త్‌లో కూతురి దగ్గర ఉండేది. శనివారం శనివారం మా గరాజ్‌లో పిల్లల్ని పోగేసేది. మా అబ్బాయి రవికిరణ్ కూడా ఆ గుంపులోవాడే. చలికి పళ్లు టకటకలాడుతున్నా కదిలేవాడు కాదు, తెలుసా!

అప్పుడు మా పక్క ఫ్లాట్‌లో నిరుపమ అని, కొత్త కోడలు. పాపం, కడుపు పోయి నెలన్నా కాలేదు. ఆ పిల్ల పాలు తోడేస్తే ఎప్పుడూ నీళ్లే. అత్తగారు వేస్తే గడ్డ పెరుగు. ఆవిడ ఊరుకుంటుందా? "పాలే తోడుకోని చెయ్యి, కడుపేం నిలుస్తుంది!" అని అందరి ముందూ అనేసింది. నాకైతే ఒళ్లు మండిపోయింది. టీచర్ మాత్రం పల్లెత్తు మాటనలేదు. "అమ్మగారూ, మీ మాట నిజమో కాదో చూద్దామా? మా పిల్లలు నేర్చుకుంటారు" అంది, ఎంత మర్యాదగానో!

ఒకటే పాలు, ఒకటే తోడు, ఒకేలాంటి గిన్నెలు. అత్తాకోడళ్లిద్దరి చేతా వేయించింది. ఎవరిదేదో తెలీకుండా పిల్లలు గిన్నెల అడుగున పేర్లు అంటించారు. అత్తగారికి తన గదిలో హీటర్ పక్కన పెట్టుకోవడం అలవాటు, టీచర్ రెండూ అక్కడే పెట్టించింది. తెల్లారి చూస్తే రెండూ తోడుకున్నాయి! నేను చప్పట్లు కొట్టబోయాను. అత్తగారేమో "ఏదో ఒక్కసారి కుదిరిందిలే" అంది. టీచర్ ఏమందో తెలుసా? "అమ్మగారన్నది రైటేరా. ఒక్కసారి చాలదు. మళ్లీ చెయ్యాలి. ఈసారి చోటొక్కటే మారుద్దాం." కోడలు రోజూ పెట్టే వంటింటి కిటికీ దగ్గర పెట్టించింది. ఆ రాత్రి ఒకటే మంచు. పొద్దున రెండూ నీళ్లే. మా వాడు ఒక గిన్నె ఎత్తి అడుగున చూసి, "ఇది బామ్మగారిది!" అన్నాడు.

"చూశారా?" అని కూడా అనలేదమ్మా ఆవిడ. పిల్లల వైపు తిరిగి "ఏం తెలిసింది?" అంది. "చలి, టీచర్. చెయ్యి కాదు" అన్నారు. "మరి నిరుపమక్క కడుపెందుకు పోయింది?" అనడిగింది. పిల్లలు దిక్కులు చూశారు. "తెలీదు కదూ? నాకూ తెలీదు. ఈ గిన్నెలకి అసలే తెలీదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకూడదు. ఇదొక్కటి గుర్తుంటే చాలు, మిగతా సైన్సంతా మర్చిపోయినా ఫర్వాలేదు" అంది.

అత్తగారు ఆ నీళ్ల గిన్నె తీసి సింకులో వంచేసింది. తర్వాత కోడలి దగ్గరికెళ్లి, "ఈ వంటిల్లింత చల్లగా ఉంటే చెప్పవేమే... నా గదిలో హీటర్ దగ్గర పడుకుందువు గాని, రా" అంది. అప్పుడేడ్చిందమ్మా ఆ పిల్ల. హాస్పిటల్ నుంచి వచ్చాక అదే మొదటిసారట, గట్టిగా ఏడవడం. టీచర్ పిల్లల్ని చప్పుడు కాకుండా బయటికి తీసుకెళ్లిపోయింది.

అదీ మా సరోజ టీచర్... ఎలా చెప్పాలో తెలీడం లేదమ్మా.

వాన తగ్గినట్టుంది. బయల్దేరు, మళ్లీ చీకటి పడితే డ్రైవ్ చేయడం కష్టం.