ఆండాలు సంచిలో లేని సూదిమందు

పెద్దలారా, అక్కలారా, సూర్యాపేట నుంచీ కోదాడ నుంచీ పని మానుకొని వచ్చిన గ్రామసేవకులారా, అందరికీ నమస్కారం. మనవడి సంతాప సభలో అమ్మమ్మ మాట్లాడటం వరస తప్పిన పని. ఈమె మధ్యలో ఏడుస్తుందేమోనని మీకు భయం ఉంటే అక్కర్లేదు. ఏడుపు రావటం లేదు. పొద్దున చాయ్ ఇచ్చారు, తాగాను. చక్కెర వేశారో లేదో తెలియలేదు. అలా ఉన్నాను. కనుక జరిగింది జరిగినట్టే చెప్పగలను.

నా మనవడు జగదీశ్ మన పంచాయతీ సమితిలో గ్రామసేవకుడు. సాగర్ కాలువ వచ్చాక ఊరూరా తిరిగి వరికి పురుగుమందు కొట్టడం నేర్పింది వాడే. మందు కొడుతూ మనుషులు పడిపోతుంటే కలవరపడిందీ వాడే. మన దగ్గర ఒక అలవాటుంది, మీకు తెలియనిది కాదు. కల్లు తాగి మడిలో దిగితే విషం ఒంటికి పట్టదని నమ్మకం. మందు కొట్టే పంపు వీపుకెత్తే ముందు ముంత ఎత్తుతారు. ఆ తర్వాత మనిషి తూలి పడితే ఏమంటాం? ఎక్కువైంది, పండనీ అంటాం. నీడకు చేర్చి మన పని మనం చూసుకుంటాం. పొద్దుగూకినాక లేపితే లేవడు. ఎంతమందిని ఇలా నిద్రపుచ్చాం?

ఒకనాడు హాలియా పక్క తండాలో మంగ్త్యా అట్లాగే పడి ఉన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. జగదీశ్ వంగి వాడి కంటిరెప్ప ఎత్తి చూశాడు. "కల్లు గాదు, విషమెక్కింది. కంటిపాప సూడుండ్రి, ఆవగింజంతయింది" అన్నాడు. సైకిలు తొక్కుకుంటూ పోయి, నర్సు ఆండాలును వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకొని కాలువ కట్ట వెంట తెచ్చాడు. ఆమె సంచిలో ఆ విషానికి విరుగుడు సూదిమందు ఉంది. అట్రోపిన్ అంటారు. సర్కారుది కాదు, వీడు తన జీతంలోంచి కొనిచ్చింది. మంగ్త్యా బతికాడు. అదిగో, కిటికీ పక్కన కూర్చున్నాడు.

పెళ్లికాని పిల్లగాడు నర్సును సైకిలెక్కించుకున్నాడన్న ముచ్చట మాత్రం వాళ్లకంటే ముందే మా మిర్యాలగూడ చేరింది. అది నా చెవిన వేయడానికి పనిగట్టుకొని వచ్చినవాళ్లున్నారు. కొందరు ఈ సభలోనూ ఉన్నారు. మనిషి బతికాడని చెప్పడానికి ఎవరూ రాలేదు. వాడితో అంటే నవ్వాడు. "అమ్మమ్మా, నా సైకిలు గా ముచ్చటంత జోరుగ పోతే ఇంకొందరు బతుకుదురు" అన్నాడు.

వాడు అడిగింది ఇంతే. సూదిమందు దవాఖాన బీరువాలో ఉంది, మనిషి గట్టున పడుతున్నాడు. ఎవరు ముందు చేరుకుంటారో వాళ్ల దగ్గర మందుండాలి. ప్రతి నర్సు సంచిలో, ప్రతి గ్రామసేవకుడి సంచిలో ఉండాలి. సూది వేయడం డాక్టర్లు నేర్పాలి, ఖర్చు సమితి పెట్టాలి. నిరుడు సమితి మీటింగులో నిలబడి ఇదే తీర్మానం చేయమని అడిగాడు. ఒక పెద్దమనిషి, "తాగి పడ్డోనికి సర్కారు పైసలా?" అన్నారు. ఇంకొకరు, "విరుగుడు ఊర్లనే ఉంటే జనానికి భయం పోతది, ఇష్టమొచ్చినట్టు కొడ్తరు" అన్నారు. తర్వాత అసలు మాట వచ్చింది. ఇంట్లో కొట్లాడి కోరి పురుగుమందు తాగేటోణ్ణి మనమెందుకు ఆపాలె అని. దానికి జగదీశ్, "వాడు కోరిండు పటేలా, వాని ఊపిరి కోరలే. అది ఇంక గుంజుతనే ఉన్నది. జర తేరుకున్నంక అడుగుదం, ఉంటవా పోతవా అని" అన్నాడు.

వచ్చే బడ్జెట్లో చూద్దామన్నారు.

పోయిన సోమవారం నేరేడుచర్ల దగ్గర, కూలికి మందు కొడుతున్న మల్సూర్ వీపు మీద పంపు కారుతుంటే చూశాడు. దించమన్నాడు. మడి మిగిలిపోతే పటేలు ఊకోడని మల్సూర్ భయపడ్డాడు. "తే ఇటు" అని తన వీపుకెత్తుకున్నాడు. కారే పంపు ముట్టుకోవద్దని మూడు తాలూకాలకు చెప్పినవాడు. దీనికి నాకు వాడి మీద కోపం ఉంది. పోయినవాళ్ల మీద కోపం ఉండకూడదంటారు. ఉంది.

మడి అయిపోయింది, వాడు గట్టున పడ్డాడు. జగదీశ్ కల్లు ముట్టడని అందరికీ తెలుసు. అందుకని తాగి పడ్డాడనుకోలేదు, ఎండదెబ్బ అనుకున్నారు. అరికాళ్లకు ఉల్లిగడ్డ రాశారు. మజ్జిగ పట్టారు. విషంతో తడిసిన అంగీ విప్పలేదు, దాని మీదే తడిగుడ్డ కప్పారు. ప్రేమగానే చేశారు, వాళ్లను నేనేమీ అనను. రెప్ప ఎత్తి చూడటం తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆ రెప్ప వాడిదే.

చివరికి మల్సూర్‌కు అనుమానం వచ్చి ఆండాలు కోసం పరుగెత్తాడు. ఆమె వచ్చింది, సంచి తెరిచింది. సూది ఉంది, మందు లేదు. వాడు కొనిచ్చింది వానకాలంలోనే అయిపోయింది. వాణ్ణి ఎక్కించిన ట్రాక్టరు దవాఖాన గేటు దాకా వచ్చింది. ప్రాణం రాలేదు.

మా ఇంట్లో పిల్లవాడు పోయాడు. దానికి మీరు చేయగలిగింది లేదు. కానీ పొలాలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, రేపు కూడా పంపులు వీపుకెక్కుతాయి. గురువారం సమితి బడ్జెట్ మీటింగు. సభ్యులందరూ ముందు వరసలో ఉన్నారు, ప్రెసిడెంటు నర్సింగరావు గారూ ఉన్నారు. వాడు నిరుడు అడిగిందే ఆండాలు మళ్లీ అడుగుతుంది.

ఇక అందరూ లేవండి. మోకాళ్ల నొప్పులున్నా సరే, నేనూ లేస్తున్నాను. జగదీశ్ కోసం కాసేపు మౌనంగా నిలబడదాం. సమితి సభ్యులారా, నిరుడు వాడి తీర్మానాన్ని బలపరిచేదెవరని అడిగితే మీరు కూర్చొని మౌనం పాటించారు. ఇవాళ నిలబడి పాటించండి. గురువారం మాత్రం పాటించకండి.